ఎగుడుదిగుళ్ళ దారి

ఏ విద్యనైనా అభ్యసించే మనిషికి రెండు రకాల దినాలు ఎదురవుతాయి. తలపెట్టిన పని అనాయాసంగా చేతికి లొంగే దినం ఒకటి. నిన్నటిదాకా తనదిగా ఉన్న విద్య తనను విడిచి వెళ్ళిపోయిందా అనిపించే దినం మరొకటి. గాయకునికి ఒకనాడు గొంతు పలుకుతుంది, మరొకనాడు పలకదు. నిన్న శతకం చేసిన బ్యాట్స్‌మన్ నేడు సున్నాకే వెనుదిరుగుతాడు. క్రీడాభాషలో దీనికి ‘ఫామ్’ అని పేరు. ఫామ్ రావడం, పోవడం అన్ని ఆటల్లోనూ ఉన్నదే. అయినా దాని రాకపోకలు దేహాన్నీ మనసునూ ఏకకాలంలో పరీక్షించే ఆట ఒకటుంది. అదే మౌంటెన్ బైకింగ్, అంటే కొండదారుల్లో సైకిలు నడపడం. ఇందులో ధైర్యం సడలితే ఆట ఓడిపోవడంతో సరిపోదు. మనిషి రాళ్ళ మీద పడతాడు. ఆత్మవిశ్వాసం ఎలా పెరుగుతుందో, ఎలా తరుగుతుందో, తరిగిననాడు ఏం చేయాలో నేర్పడంలో ఈ ఆటకు సాటి రాగలవి కొద్ది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన మారిన్ కౌంటీ అనే ప్రాంతం ఉంది. అక్కడి టమాల్‌పైస్ పర్వత పరిసరాల్లో 1970ల్లో కొందరు యువకులు లావుపాటి టైర్లున్న పాతకాలపు సైకిళ్ళను కొండమీదికి చేర్చి, మట్టిదారుల వెంట దిగువకు తోలడం వినోదంగా పెట్టుకున్నారు. 1976 అక్టోబరులో వారు ఒక దారిని ఎంచుకొని, గడియారం చేతపట్టి పోటీలు ప్రారంభించారు. ఆ దారి పొడవు సుమారు 3.4 కిలోమీటర్లు, అంత దూరంలోనే అది సుమారు 400 మీటర్లు కిందికి దిగుతుంది. ఆ సైకిళ్ళ బ్రేకు వెనుక చక్రపు హబ్బులోనే ఉండేది. పెడల్‌ను వెనక్కి తొక్కితే పట్టేది. కొండ ఒక్కసారి దిగేసరికి పుట్టిన వేడికి హబ్బులోని గ్రీజంతా కాలిపోయేది. మళ్ళీ గ్రీజు కూరితే గానీ బండి పనికివచ్చేది కాదు. అందుచేత ‘మళ్ళీ కూరడం’ అనే అర్థంలో ఆ దారికి ‘రీప్యాక్’ అన్న పేరు స్థిరపడింది. 1977లో జో బ్రీజ్ అనే యువకుడు కేవలం కొండదారుల కోసమే సైకిలు చట్రాన్ని తయారుచేశాడు. గ్యారీ ఫిషర్ రీప్యాక్ దారిని 4 నిమిషాల 22 సెకన్లలో దిగి అక్కడి రికార్డును తన పేర నిలుపుకున్నాడు.

ఇలా మొదలైన వినోదం చూస్తూ ఉండగానే ప్రపంచ క్రీడ అయింది. 1990లో అమెరికాలోని డురాంగో పట్టణంలో తొలి అధికారిక ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ ఆటకు స్థానం లభించింది. 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్‌కు మన దేశంలోని కేరళ రాష్ట్రం ఆతిథ్యమిచ్చింది. తిరువనంతపురం సమీపంలోని పొన్ముడి కొండలు దానికి వేదికైనాయి. సైకిళ్ళు మారాయి, బ్రేకులు మారాయి, టైర్లు మారాయి. మారనిది ఒక్కటే. ఒక్క దిగుడుతో హబ్బులోని గ్రీజు హరించుకుపోయినట్లే, ఒక్క దెబ్బతో గుండెలోని ధైర్యమూ హరించుకుపోతుంది. దానిని మళ్ళీ నింపుకోవడం నేటికీ ఈ ఆటలో ఒక భాగమే.

కొండదారి ఏ రెండు మలుపుల్లోనూ ఒక తీరుగా ఉండదు. ఒకచోట చెట్ల వేళ్ళు అడ్డంగా పాకి ఉంటాయి. మరొకచోట తలకాయలంత రాళ్ళు వరుసగా తేలి ఉంటాయి. ఇంకొకచోట దారి ఉన్నట్టుండి తెగి, మోకాలెత్తు మెట్టులా కిందికి పడిపోతుంది. వీటన్నిటినీ కాలు నేల మోపకుండా దాటడమే ఇందులోని నేర్పు. నిర్ణయానికి దొరికే వ్యవధి ఒకటి రెండు సెకన్లు మాత్రమే. దాటగలనన్న నమ్మకమూ, దాటలేనేమో అన్న శంకా ఆ కొద్దిపాటి వ్యవధిలోనే తలపడతాయి.

కొన్నేళ్ళ అనుభవం గల ఒక యువకుణ్ణి ఉదాహరణగా భావించవచ్చు. అతడు ప్రతి ఆదివారం ఉదయం ఒకే కొండకు వెళ్తాడు. మొదటి ఆదివారం అంతా అతడు కోరినట్లే సాగింది. మలుపులు వాటంతటవే విచ్చుకున్నట్లు అనిపించాయి. ఏడాదిగా దూరం నుంచే చూసి పక్కకు తప్పుకొంటున్న ఒక రాతిమెట్టును ఆనాడు ఆలోచన లేకుండానే దిగాడు. “ఒరేయ్, ఇక ఈ కొండలో నన్ను ఆపే రాయి లేదురా!” అని మిత్రునితో గర్వంగా చెప్పాడు. రెండో ఆదివారం అదే దారి, అదే సైకిలు, అతడే. కానీ మొదటి మలుపులోనే ముందు చక్రం జానెడు దూరం పక్కకు జారింది. అతడు పడలేదు. అయినా గుండె ఝల్లుమంది. అక్కడి నుంచి గోరంత రాయి కూడా కొండంతగా కనిపించసాగింది. రాతిమెట్టు దగ్గరకు వచ్చేసరికి బ్రేకులు బిగించి ఆగిపోయాడు. మిత్రుడు చూస్తున్నాడన్న సిగ్గుతో రెండోసారి సగం మనసుతో ప్రయత్నించి కిందపడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది. ఇంటికి వచ్చి బురద కూడా కడగకుండా సైకిలును గోడకు ఆనించాడు. “నాకు ఈ విద్య రాదు. మొన్న దిగింది కేవలం అదృష్టం” అనుకున్నాడు. ఇక మూడో ఆదివారం అతడు కొండకు వెళ్తాడా, వెళ్ళడా అన్నదే ప్రశ్న. ఎందరో ఈ ఆటను ఇలాంటి మూడో ఆదివారం నాడే శాశ్వతంగా విడిచిపెడతారు. దారి వారిని ఓడించి ఉండదు. రెండో ఆదివారం ఇచ్చిన తీర్పును తుది తీర్పుగా వారు స్వీకరించి ఉంటారు.

ఆ తీర్పు ఎంతవరకు న్యాయమైనదో విచారించవలసి ఉంది. మొదట దేహం సంగతి. కొండ దిగే సైకిలిస్టు సీటు మీద కూర్చోడు. రెండు పెడల్స్‌ను సమంగా ఉంచి వాటి మీద నిలబడతాడు. మోకాళ్ళు, మోచేతులు కొద్దిగా వంచి, ఛాతీని దించి, చూపును చాలా ముందుకు సారిస్తాడు. బరువు పాదాల మీద ఉంటుంది. చేతులు తేలికగా ఉంటాయి. అప్పుడు సైకిలు కిందనున్న రాళ్ళకు అనుగుణంగా కదులుతుంది. మనిషి మాత్రం నిలకడగా ఉంటాడు. భయం కలగగానే ఈ భంగిమ చెదిరిపోతుంది. దేహం ప్రమాదం నుంచి వెనక్కి జరగాలని చూస్తుంది. చేతులు చాచుకొని బిగుసుకుపోతాయి. బరువు వెనక్కి పోవడంతో ముందు చక్రానికి నేలమీద పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గిన చక్రం మలుపులో జారుతుంది. చూపు దూరం నుంచి దిగివచ్చి ఎదుటి రాయికి అతుక్కుపోతుంది; చూపు ఎటు పోతే సైకిలూ అటే పోతుంది. వేళ్ళు బ్రేకులను గట్టిగా నొక్కుతాయి. బిగిసిన చక్రం దొర్లదు, ఈడ్చుకుపోతుంది. తగిన వేగంతో వెళ్తే సులువుగా దొర్లిపోయే రాళ్ళ సందుల్లో, నెమ్మదించిన చక్రం ఇరుక్కుపోతుంది.

అంటే ఏ ప్రమాదానికి అతడు భయపడ్డాడో, ఆ ప్రమాదాన్ని భయమే ఆహ్వానించిందన్నమాట. ఒకసారి జారడంతో భయం పెరుగుతుంది. భయంతో దేహం బిగుసుకుంటుంది. బిగుసుకున్న దేహం మళ్ళీ జారుతుంది. ఇది ఒక విషవలయం. పామును తలచుకొని తాడును చూసి బెదిరేవాని స్థితికీ దీనికీ ఒక తేడా ఉంది. అక్కడ తాడు తాడుగానే ఉంటుంది. ఇక్కడ బెదిరినవాని దేహం ఆ తాడును నిజంగానే పాముగా మారుస్తుంది. అందువల్ల రెండో ఆదివారం ఆ యువకుని నేర్పు ఎక్కడికీ పోలేదు. భయం దానికి అడ్డుగా నిలిచింది, అంతే.

ఇక దారి సంగతి. మనుషులు మారనంత మాత్రాన దారులు మారకుండా ఉండవు. వాన వెలసిన మరునాడు తగుమాత్రం తేమ పట్టిన మట్టి చక్రాన్ని చక్కగా పట్టుకుంటుంది. అలాంటి రోజున సామాన్యుడు కూడా తనను తాను వీరునిగా భావించుకుంటాడు. వారం రోజులు ఎండ కాస్తే అదే మట్టి పొడిబారి, గట్టినేల మీద సన్నని ఇసుక పరచుకుంటుంది. ఆ ఇసుక చక్రం కింద గోళీల్లా దొర్లుతుంది. తడిసిన చెట్టువేరు మీద, ముఖ్యంగా దారికి ఏటవాలుగా ఉన్న వేరు మీద, ఎంతటి అనుభవజ్ఞుడికైనా చక్రం జారుతుంది. టైరులో గాలి ఎక్కువైతే అది రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతుంది; మరీ తక్కువైతే రిమ్ము రాయికి కొట్టుకుంటుంది. వీటికి తోడు రాత్రి చాలని నిద్ర, ఉదయం తినని ఉపాహారం, వారమంతా పడిన శ్రమ ఉండనే ఉన్నాయి. ఇన్ని కారణాలు కలిస్తే గానీ ఒక చెడ్డ దినం తయారు కాదు. అయినా ఆ రోజు సాయంత్రం మనిషి ఈ కారణాలన్నిటినీ మరచి, దోషమంతా తన స్వభావానికే అంటగడతాడు. మంచి దినం నాడు చేసేదీ ఇదే పొరపాటు. అప్పుడు తేమమట్టి చేసిన మేలు కూడా తన ప్రతాపమేనని లెక్కకు వేసుకుంటాడు.

ఈ హెచ్చుతగ్గుల వెనుక ఒక గణిత సూత్రం కూడా ఉంది. 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తల్లిదండ్రుల ఎత్తును, వారి సంతానపు ఎత్తును పోల్చి ఒక విషయం గమనించాడు. మిక్కిలి పొడగరులైన తల్లిదండ్రుల పిల్లలు పొడగరులే అయినా, సగటున వారంతటి పొడగరులు కారు. మిక్కిలి పొట్టివారి పిల్లలు సగటున వారంతటి పొట్టివారు కారు. అసాధారణమైన ఫలితం తరువాత వచ్చేది సాధారణంగా సగటుకు దగ్గరగా ఉంటుందన్నమాట. నేర్పూ, అదృష్టమూ కలిసి పనిచేసే ప్రతి చోటా ఈ సూత్రం వర్తిస్తుంది.

2002లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ ఒక సంఘటన చెప్పాడు. ఇజ్రాయిల్ వైమానిక దళంలో శిక్షకులకు ఆయన పాఠం చెబుతున్నప్పుడు, మెచ్చుకోవడం కంటే తిట్టడమే మేలని ఒక శిక్షకుడు వాదించాడట. బాగా నడిపినందుకు మెచ్చుకున్న శిష్యుడు మరుసటిసారి అంత బాగా నడపలేదు; చెడుగా నడిపినందుకు తిట్టిన శిష్యుడు మరుసటిసారి మెరుగుపడ్డాడు. కానీ మెప్పుకూ తిట్టుకూ ఆ ఫలితాలతో పెద్దగా సంబంధం లేదని కానెమన్ గ్రహించాడు. అసాధారణంగా బాగున్న ప్రదర్శన తరువాత కొంత తగ్గుదల, అసాధారణంగా చెడ్డదైన ప్రదర్శన తరువాత కొంత మెరుగుదల, ఎవరు ఏమన్నా అనకపోయినా రావలసినవే. కొండదారి యువకుడు తనకు తానే శిక్షకుడు. మొదటి ఆదివారం తనను మెచ్చుకున్నాడు, రెండో ఆదివారం తనను తిట్టుకున్నాడు. రెండు సందర్భాల్లోనూ అతడు చూసింది ఒక్క దినాన్ని, చూడవలసింది ఏడాదిని.

మరి ఆత్మవిశ్వాసానికి ఆధారమేమిటి? ఈ ప్రశ్నను ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త లోతుగా పరిశీలించాడు. ఒక నిర్దిష్టమైన పనిని తాను చేయగలనన్న నమ్మకం నాలుగు మార్గాల్లో కలుగుతుందని ఆయన 1977లో ప్రతిపాదించాడు. స్వయంగా చేసి గెలవడం మొదటిది. తనవంటివారు చేయగా చూడడం రెండోది. ఇతరులు ఇచ్చే ప్రోత్సాహం మూడోది. గుండెదడ, చెమట, వణుకు వంటి తన దేహస్థితిని తాను అర్థం చేసుకునే తీరు నాలుగోది. పాములంటే విపరీతంగా భయపడేవారిపై ఆయన, ఆయన సహచరులు ప్రయోగాలు చేశారు. ఇతరులు పామును పట్టుకోగా చూసినవారి కంటే, మార్గదర్శకత్వంలో తామే మెల్లమెల్లగా పామును పట్టుకున్నవారికి ఎక్కువ ధైర్యం కలిగింది.

కొండదారిలో ఈ నాలుగింటినీ స్పష్టంగా గుర్తించవచ్చు. అరచేయంత మెట్టును పదిసార్లు దిగినవాడు జానెడు మెట్టుకు సిద్ధపడతాడు. జానెడు మెట్టును పదిసార్లు దిగినవాడు మూరెడు మెట్టుకు సిద్ధపడతాడు. తనవంటి మిత్రుడు దిగగా చూస్తే దారి ఎటు పోవాలో తెలుస్తుంది. అయితే తనకంటే ఎంతో ఆరితేరినవాణ్ణి చూసి అతడు దూకిన చోట దూకబోవడం, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లు అవుతుంది. “నీవల్ల అవుతుంది” అన్న మాట మేలు చేస్తుంది. కానీ ఆ మాట అన్నవాడు మనిషినీ మెట్టునూ రెంటినీ ఎరిగినవాడై ఉండాలి. ఇక గుండెదడ సంగతి. దానిని ఓటమికి సూచన అనుకునేవాడు బిగుసుకుపోతాడు. దేహం పనికి సిద్ధమవుతున్న సవ్వడి అనుకునేవాడు ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి ముందుకు కదులుతాడు.

తరిగిన విశ్వాసం లాగానే పెరిగిన విశ్వాసమూ దారి తప్పిస్తుంది. 2021 జులైలో జపాన్‌లోని ఇజులో జరిగిన ఒలింపిక్ పోటీలో నెదర్లాండ్స్‌కు చెందిన మాథ్యూ వాన్ డెర్ పూల్ పతకానికి గట్టి పోటీదారు. మొదటి చుట్టులోనే ఒక పెద్ద రాతి మీది నుంచి దిగుతూ ఆయన ముందుకు తలకిందులుగా పడిపోయాడు. సాధన సమయంలో అక్కడ ఉన్న చెక్క వాలు పోటీలో ఉండదన్న సంగతి తనకు తెలియదని ఆయన తరువాత చెప్పాడు. చివరికి పోటీ నుంచి తప్పుకోవలసి వచ్చింది. ప్రపంచంలోని మేటి సైకిలిస్టులలో ఒకడైనవాడికి నేర్పు కొరవడిందని ఎవరూ అనలేరు. మనసులోని దారి వేరు, ఎదుటనున్న దారి వేరు అయినాయి, అంతే తేడా. 2008లో ఇటలీలోని వాల్ ది సోలెలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆస్ట్రేలియా వీరుడు శామ్ హిల్ అందరికంటే వేగంగా కొండ దిగుతూ, గమ్యం కనుచూపు మేరలో ఉండగా చివరి మలుపు దగ్గర పడిపోయాడు. ఆయనకు మూడో స్థానం దక్కింది. అయితే 2006, 2007లలో ప్రపంచ విజేత అయిన ఆయన ఆ పతనంతో ఆగిపోలేదు. 2010లో మళ్ళీ ప్రపంచ విజేతగా నిలిచాడు.

పడి లేచినవారిలో స్త్రీల కథలు మరింత స్ఫూర్తిదాయకాలు. స్విట్జర్లాండ్‌కు చెందిన యోలాండా నెఫ్ 2019 డిసెంబరులో అమెరికాలో సాధన చేస్తూ ఘోరంగా పడిపోయింది. ప్లీహం చిట్లింది, పక్కటెముక విరిగింది, ఊపిరితిత్తి దెబ్బతిన్నది. కోలుకొని పోటీల్లోకి వచ్చాక 2021 జూన్‌లో మళ్ళీ పడి చేతి ఎముక విరగ్గొట్టుకుంది. ఆ తరువాత కొద్ది వారాలకే, జులై 27న, ఒలింపిక్ స్వర్ణపతకం గెలుచుకుంది. బ్రిటన్‌కు చెందిన రేచల్ ఆథర్టన్ 2016లో ప్రపంచ కప్‌లోని ఏడు పోటీలనూ, దానితోపాటు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌నూ గెలిచింది. ఓటమి అంటే ఎరుగని ఆమె మరుసటి ఏడాదే స్కాట్లాండ్‌లోని ఫోర్ట్ విలియమ్‌లో సాధన చేస్తూ పడగా భుజం కీలు తప్పింది. 2019లో మడమ వెనుక స్నాయువు తెగింది. తరువాత తల్లి అయింది. 2023లో స్విట్జర్లాండ్‌లోని లెంజర్‌హైడ్‌లో మళ్ళీ ప్రపంచ కప్ పోటీ గెలిచింది. నిండు ఫామ్‌లో ఉన్న 2016ను మాత్రమే చూసి ఆమెను అజేయురాలన్నా, గాయపడిన 2019ను మాత్రమే చూసి ఆమె పని అయిపోయిందన్నా ఆ రెండు మాటలూ అసత్యాలే అయ్యేవి.

ఒకే పోటీలో కూడా ఈ ఎగుడుదిగుళ్ళు కనిపిస్తాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ క్రీడాకారుడు టామ్ పిడ్‌కాక్ చక్రం నడిదారిలో పంక్చరైంది. చక్రం మార్చుకొనేసరికి ముందున్నవారికి చాలా దూరం వెనుకబడ్డాడు. పోయిన కాలాన్ని ఒక్క ఊపులో రాబట్టాలని ఆయన తొందరపడలేదు. ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి, చివరి చుట్టులో ఫ్రాన్స్‌కు చెందిన విక్టర్ కొరెట్స్‌కీని అధిగమించి స్వర్ణం గెలిచాడు.

ఈ చంచలత్వాన్ని అర్థం చేసుకోవడానికి ప్రాచీన అలంకారశాస్త్రం ఒక చక్కని పరికల్పనను అందిస్తుంది. భరతముని నాట్యశాస్త్రంలో మనోభావాలను స్థాయీభావాలు, సంచారీభావాలు అని వేరు చేశాడు. స్థాయీభావాలు ఎనిమిది, సంచారీభావాలు ముప్పది మూడు. స్థాయి నిలిచి ఉండేది, సంచారి వచ్చి పోయేది. సముద్రంలో అలలు లేచి పడినట్లు స్థాయీభావంలో సంచారీభావాలు పుట్టి అణగుతాయని తరువాతి అలంకారికులు వివరించారు. శంక, త్రాసం, గర్వం, విషాదం, శ్రమ, హర్షం — ఇవన్నీ సంచారుల జాబితాలోనివే. మొదటి ఆదివారపు గర్వమూ, రెండో ఆదివారపు విషాదమూ అలలే. వీరరసానికి స్థాయి అయిన ఉత్సాహం ఆ అలల కింద ఉన్న సముద్రం. అలను చూసి సముద్రం పెరిగిందనీ, అల విరగడం చూసి సముద్రం ఇంకిపోయిందనీ ఎవరూ అనుకోరు. కానీ తన విషయంలో మాత్రం ప్రతి మనిషీ సరిగ్గా అలాగే అనుకుంటాడు. సంచారుల్లో ధృతి అనేది కూడా ఒకటి. నిబ్బరమని దాని అర్థం. నిబ్బరాన్ని సైతం వచ్చిపోయే భావాల్లోనే చేర్చడం గమనించదగినది. అది కూడా ఎల్లవేళలా ఉండదు. పోయినప్పుడల్లా మళ్ళీ తెచ్చుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. భయమంతా భ్రమ కాదు. నిజం చెప్పే భయం ఒకటి, నిన్నటి దెబ్బను పదే పదే వినిపించే భయం ఒకటి. బ్రేకు సరిగా పట్టనప్పుడు, చీకటి పడుతున్నప్పుడు, వానకు రాయి నాచు పట్టి ఉన్నప్పుడు, కాళ్ళు అలసటతో వణుకుతున్నప్పుడు కలిగే భయం నిజం చెబుతుంది. దాని మాట వినాలి. అప్పుడు సైకిలు దిగి, దానిని చేత్తో పట్టుకొని ఆ నాలుగడుగులూ నడిచి దాటడం పిరికితనం కాదు, వివేకం. శిరస్త్రాణం ధరించడం, మోకాళ్ళకు రక్షణ కట్టుకోవడం ఎంత సహజమో, “ఈ రోజు ఇది వద్దు” అనుకోవడమూ అంతే సహజం. కానీ దారి పొడిగా ఉండి, దేహం సత్తువతో ఉండి, నిరుడు యాభైసార్లు దిగిన మెట్టు దగ్గరే గుండె వెనుకాడితే, ఆ భయం నిన్నటి మాట. దానిని కసరవలసిన పనిలేదు; తొందరపడి ధిక్కరించవలసిన పనీ లేదు. దానికి కొత్త సాక్ష్యం చూపాలి.

ఆ సాక్ష్యం ఎలా సమకూరుతుందో మూడో ఆదివారం ఆ యువకుడు కొండకు వెళ్తే తెలుస్తుంది. అతడు తిన్నగా రాతిమెట్టు దగ్గరకు వెళ్ళడు. మొదట టైరులో గాలి చూసుకుంటాడు, బ్రేకులు పరీక్షిస్తాడు. కొండ మొదట్లోని సులువైన దారిలో రెండుసార్లు తిరిగి, మోచేతులు వంగుతున్నాయా, చూపు ముందుకు పోతోందా అన్నవి మాత్రమే గమనించుకుంటాడు. తరువాత చిన్న మెట్టును నాలుగుసార్లు దిగుతాడు. ఆపైన రాతిమెట్టు దగ్గర సైకిలు దిగి, నడిచి వెళ్ళి, ఇసుక ఎక్కడ పరచుకుందో, చక్రం ఎక్కడ మోపాలో కళ్ళారా చూస్తాడు. ఆనాడు అతడు మెట్టు దిగవచ్చు, దిగకపోవచ్చు. దిగకపోయినా ఆ ఆదివారం వృథా కాదు. ఇంటికి వచ్చి సైకిలు కడిగి, “మలుపుల్లో చూపు నిలిచింది, మెట్టు వచ్చేవారం” అని ఒక పుస్తకంలో రాసుకుంటే, అతని లెక్కలో తీర్పు స్థానంలో పరిశీలన చేరినట్లు. అలాంటి పుటలు ఏడాదిపాటు పోగైతే, ఏ ఒక్క దినమూ చెప్పలేని సత్యాన్ని అవి చెబుతాయి. హెచ్చుతగ్గుల గీత కిందికీ పైకీ ఊగుతూనే, మొత్తంమీద మెల్లగా పైకి పాకడం అందులో కనిపిస్తుంది.

విద్యార్థి జీవితానికీ ఈ కొండదారికీ దగ్గరి పోలిక ఉంది. ఒక యూనిట్ పరీక్షలో తొంభై మార్కులు వచ్చిన విద్యార్థికి తరువాతి పరీక్షలో అరవై రావచ్చు. వేదిక మీద ఒకనాడు అనర్గళంగా మాట్లాడినవాడికి మరొకనాడు నాలుక తడబడవచ్చు. ఆ తొంభైని చూసి పుస్తకం మూసినవాడూ, ఆ అరవైని చూసి పుస్తకం విసిరేసినవాడూ చేసిన తప్పు ఒకటే. ఇద్దరూ ఒక్క దినం చేతికి తమ జీవితపు తీర్పును అప్పగించారు. ప్రశ్నపత్రం స్వభావం, రాత్రి నిద్ర, చదివిన తీరు, కొంత అదృష్టం కలిసి ఒక మార్కు అవుతాయి. చదువు వాటన్నిటికంటే లోతున ఉంటుంది.

సుఖదుఃఖాలలో చలించనివాణ్ణి భగవద్గీత స్థితప్రజ్ఞుడన్నది. అంతటి స్థితి అందరికీ అందకపోవచ్చు. అయితే చలించినా తిరిగి నిలదొక్కుకోవడం ఎవరికైనా సాధ్యమే. రెండు చక్రాల బండి నేర్పే మొదటి పాఠం కూడా అదే. సైకిలు ఒక్క క్షణమైనా కదలకుండా నిటారుగా నిలబడదు. అది ఎప్పుడూ ఇటో అటో ఒరుగుతూనే ఉంటుంది. నడిపేవాడు ఒరిగిన ప్రతిసారీ కొద్దికొద్దిగా సరిదిద్దుతూనే ఉంటాడు. దూరం నుంచి చూసేవారికి నిలకడగా కనిపించేది నిజానికి ఆ ఎడతెగని సవరింపే.